అరుంధతిని నిజంగా చూశారా?



పెళ్ళయినవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటపడకుండా మీలో మీరే జవాబు చెప్పుకోండి. తాళి కట్టడం అయ్యాక పురోహితులవారు కొత్త దంపతుల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, వేలు పైకెత్తి "అదుగోనమ్మా అరుంధతి" అంటారు గదా. మీకు కనబడిందా? కనబడకపోయినా "ఆఁ, కనబడిందండీ" అని తలవూపినవాళ్ళే మనలో ఎక్కువమంది. పట్టపగలు పదకొండు గంటల ముహూర్తానికి కూడా అరుంధతిని చూపించేస్తున్నారాయె! ఫంక్షన్ హాలు కప్పుకు వేలాడే దీపాల గుత్తికి దణ్ణం పెట్టుకొని వచ్చేసిన పెళ్ళికూతురిని నేనెరుగుదును.

ఇందులో తప్పు పురోహితులవారిదీ కాదు, పెళ్ళికూతురిదీ కాదు. చుక్కల్ని గుర్తుపట్టే విద్య మన ఇళ్ళల్లోంచి వెళ్ళిపోయింది. ఆరుబయట మంచాలు వేసుకొని పడుకోవడం పోయింది, దానితోపాటే ఇదీను. మా నానమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా వేగుచుక్క పొడిచిందంటే లేచి వాకిలి చిమ్మేది. పిల్లలకోడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పేది. ఆ పిల్లలకోడే కృత్తిక. పున్నమి చంద్రుడు ఆ కృత్తిక దగ్గర వుండే నెల కార్తీకం. చిత్త దగ్గర వుంటే చైత్రం, విశాఖ దగ్గర వుంటే వైశాఖం, మఖ దగ్గర వుంటే మాఘం. చూశారా, మనం నోములకీ వ్రతాలకీ నెలల పేర్లు తలచుకున్నప్పుడల్లా చుక్కల పేర్లే పలుకుతున్నాం. పేర్లు నోటిలో వున్నాయి, చుక్కలే కళ్ళకు దూరమయ్యాయి.

వాటిని మళ్ళీ పరిచయం చేసుకోవటానికి రెండు చోట్లున్నాయి. ఒకటి నక్షత్రశాల, అంటే ప్లానిటోరియం. రెండోది విశ్వవిద్యాలయాలవారి వేధశాల. ఈ రెండింటి సంగతులూ, వాటినుంచి మన ఇంటి డాబా దాకా వచ్చే దారీ ఇవాళ చెప్పుకుందాం.

హైదరాబాదులో బిర్లా మందిరం చూడనివాళ్ళు అరుదు. ఆ నౌబత్ పహాడ్ గుట్టమీదే బిర్లా నక్షత్రశాల వుంది. 1985 సెప్టెంబరు 8న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు దాన్ని ప్రారంభించారు. అక్కడి ప్రదర్శనలకు తెలుగులోనూ వ్యాఖ్యానం వుంటుంది గనుక, ఇంగ్లీషు రాదే అని ఇంట్లో పెద్దవాళ్ళను వదిలి వెళ్ళనక్కర్లేదు. అసలు పెద్దవాళ్ళను తీసుకువెళితేనే బాగుంటుంది. పంచాంగం తెలిసినవాళ్ళకు అక్కడ కనబడే ప్రతి పేరూ చుట్టం పేరులా వినిపిస్తుంది.

లోపల ఏముంటుందంటారా? ఒక గుండ్రటి హాలు. దానిమీద బోర్లించిన మూకుడులాంటి కప్పు. కుర్చీలు వెనక్కి వాలి వుంటాయి. దీపాలు ఒక్కసారిగా ఆర్పరు, సంధ్యవేళ చీకటిపడ్డట్టు నెమ్మదిగా తగ్గిస్తారు. ఆ తరువాత ఒక్కొక్క చుక్కా తేలుతుంది. నిండా చీకటయ్యేసరికి కప్పు అనేది వున్నట్టే తోచదు, ఆకాశం కింద కూర్చున్నట్టే వుంటుంది. చిన్నపిల్లలు ఆ క్షణంలో ఏడుపు లంకించుకుంటారు. అందుకని నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తీసుకువెళ్ళకపోవడం మేలని నా అభిప్రాయం. వెళ్ళితే మాత్రం, "చీకటి పడుతుంది, భయం లేదు, చెయ్యి పట్టుకో" అని ముందే చెప్పి కూర్చోబెట్టండి. అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి తలుపు తియ్యమని పేచీ పెట్టకండి. తలుపు సందులోంచి వచ్చిన ఒక్క వెలుగుగీత చాలు, లోపలి వందమంది కళ్ళూ మళ్ళీ మొదటికొస్తాయి.

ఈ యంత్రం పుట్టుక మన వంటింటి తెలివిలాంటిదే. పూర్వం ఐరోపాలో పెద్ద లోహపు గోళం చేసి, దానికి చుక్కల లెక్కన చిల్లులు పొడిచి, మనుషుల్ని లోపల కూర్చోబెట్టి గోళాన్నే తిప్పేవారు. గోళం ఎంత పెద్దదైనా లోపల పట్టేది కొద్దిమందే. మ్యూనిక్ నగరంలోని మ్యూజియంవారు, ఇంతకన్నా మంచి ఉపాయం చెప్పమని కార్ల్ జైస్ కంపెనీని అడిగారు. ఆ కంపెనీ ఇంజనీరు వాల్తర్ బవర్స్‌ఫెల్డ్ లెక్క తిరగేశాడు. పెద్ద గోళాన్ని కదపడం దేనికి, దాన్ని తెల్లటి కప్పుగా స్థిరంగా వుంచి, నడిమధ్య దీపమున్న చిన్న యంత్రాన్ని తిప్పితే సరి గదా అన్నాడు. చిల్లుల గిన్నెలో దీపం పెట్టి చీకటి గదిలో తిప్పి చూడండి, గోడలనిండా చుక్కలు నడుస్తాయి. సూత్రం అంతే. 1923లో మ్యూనిక్‌లో చూపించిన ఆ మొదటి యంత్రం సుమారు 4,500 నక్షత్రాల్ని కప్పుమీద వెలిగించింది. మనదేశంలో కలకత్తా బిర్లా నక్షత్రశాల 1962లో తెరిచారు. ఈ రోజుల్లో చాలాచోట్ల ఆ పాత యంత్రాల బదులు కంప్యూటరుతో నడిచే ప్రొజెక్టర్లు వచ్చాయి.

సినిమాకూ దీనికీ తేడా ఏమిటని పక్కింటి అక్కయ్య అడిగింది. సినిమాలో వాళ్ళు చూపించిందే చూస్తాం. ఇక్కడ ఆకాశాన్ని మనకు కావలసినట్టు కదుపుతారు. ఆరు నెలల తరువాతి ఆకాశం చూడాలా? అరనిమిషంలో చూపిస్తారు. వెయ్యేళ్ళ కిందటిదా? అదీ చూపిస్తారు. మరో దేశం నుంచి చూస్తే ఎలా వుంటుందో అదీను.

ఈ ఆఖరిది మన ఇళ్ళకు సంబంధించిన విషయమే. పిల్లలు విదేశాల్లో వున్న తల్లులు మనలో ఎంతమందో. మా చెల్లెలి కూతురు అమెరికాలో ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో వుంటుంది. ఒకసారి ఫోనులో "పెద్దమ్మా, ఇక్కడ ధ్రువుడు మనూళ్ళో కన్నా బాగా పైకి వున్నాడే!" అంది. వుంటాడు మరి. ధ్రువనక్షత్రం ఎంత ఎత్తున కనబడుతుందనేది మనం భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన వున్నామో చెబుతుంది. హైదరాబాదులో సుమారు 17 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలు. అంటే మనకు ధ్రువుడు ఉత్తర దిక్కున నేలకు రెండు పిడికిళ్ళ కన్నా తక్కువ ఎత్తులో వుంటాడు. ఆ అమ్మాయి వుండే చోట 36 డిగ్రీలు, అంటే మూడున్నర పిడికిళ్ళ పైన. అక్కడ అరుంధతి దాదాపు అస్తమించనే అస్తమించదు, ఉత్తరాన నేలను ఒరుసుకుంటూ పోయి మళ్ళీ పైకి లేస్తుంది. మనకు మాత్రం రోజూ కొన్ని గంటలు కనుమరుగవుతుంది.

ఆ రాష్ట్రంలోనే చాపెల్ హిల్ అనే వూళ్ళో విశ్వవిద్యాలయం వుంది. అక్కడే చదువుకొని పైకొచ్చిన జాన్ మోట్లీ మోర్‌హెడ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు డబ్బిచ్చి, ఆ ఆవరణలో నక్షత్రశాల కట్టించాడు. 1949 మే 10న తెరిచారు. విశ్వవిద్యాలయ ఆవరణలో కట్టిన నక్షత్రశాలల్లో ప్రపంచంలో అదే మొదటిది. ఊళ్ళోవాళ్ళకూ బడిపిల్లలకూ చుక్కలు చూపించటానికి కట్టిన ఆ హాలుకు, పదేళ్ళు దాటాక వేరే రకం విద్యార్థులు వచ్చారు. వాళ్ళు అంతరిక్ష యాత్రికులు.

1960 నుంచి 1975 దాకా అమెరికా వ్యోమగాములు అక్కడికొచ్చి నక్షత్రాలు నేర్చుకున్నారు. చంద్రుడిమీద కాలుపెట్టిన పన్నెండుమందిలో పదకొండుమంది ఆ కప్పుకింద కూర్చుని పాఠం విన్నవాళ్ళే. పాఠానికి వాడిన సామాను వింటే మీకు నవ్వొస్తుంది. ప్లైవుడ్డుతో, అట్టలతో వ్యోమనౌక కిటికీల నమూనాలు చేశారు. నౌక అటూయిటూ తిరిగినట్టు వుండటానికి మంగలి షాపు కుర్చీలు రెండు తెచ్చి బిగించారు. అందులో కూర్చుని, కిటికీలోంచి కనబడే ఆ కాస్త ఆకాశంలోని నాలుగు చుక్కల్ని బట్టి తాము ఎటు తిరిగి వున్నారో చెప్పాలి. కోట్లాది డాలర్ల యంత్రాలు వుండగా ఈ చదువెందుకని మీరనుకోవచ్చు.

ఎందుకో 1963 మే నెలలో తెలిసింది. గోర్డన్ కూపర్ అనే ఆయన ఒంటరిగా చిన్న వ్యోమనౌకలో భూమిని చుట్టివస్తున్నాడు. మొత్తం 22 చుట్లు, 34 గంటల ప్రయాణం. చివరి చుట్లకు వచ్చేసరికి కరెంటు సంబంధమైన లోపం వచ్చి, నౌకను తనంతట తానే దింపవలసిన యంత్రాంగం పనిచెయ్యడం మానేసింది. దిగేటప్పుడు నౌక సరైన వాలులో వుండాలి. ఏమాత్రం తేడా వచ్చినా బతికి బయటపడటం కష్టం. కూపర్ కిటికీమీద తాను గీసుకున్న గీతల్ని భూమి అంచుతో సరిపెట్టాడు. తెలిసిన నక్షత్రాలు ఎక్కడున్నాయో చూసి దిక్కు సరిచూసుకున్నాడు. కాలం చేతి గడియారంలో చూసుకున్నాడు. చేత్తో నౌకను పట్టి పసిఫిక్ సముద్రంలో దింపితే, అది ఎదురుచూస్తున్న ఓడకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో పడింది! నక్షత్రశాలలో నేర్చిన చదువు ఒక మనిషిని ఇంటికి చేర్చడంలో తన వంతు సాయం చేసింది.

అయితే గమనించారా, ఆయన చుక్కల్ని కప్పుమీద నేర్చుకున్నాడుగానీ, వాడుకున్నది నిజమైన ఆకాశంలో. మనం చాలామందిమి మొదటి సగంతో ఆగిపోతున్నాం. ప్రదర్శన చూస్తాం, "ఎంత బాగుందో!" అంటాం, బయట ఐస్‌క్రీము తిని ఆటో ఎక్కుతాం. ఆ రాత్రి తలెత్తి చూడం. నక్షత్రశాల సాముగరిడీ నేర్పే చోటులాంటిది. అక్కడ నేర్చుకున్నది బయటికొచ్చి చెయ్యాలి.

బయటి ఆకాశాన్ని చదవటానికి మనవాళ్ళు కట్టిన వేధశాల ఒకటి హైదరాబాదులో నక్షత్రశాల కన్నా ఎనభై ఏళ్ళు పెద్దది. నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువు ఇంగ్లండునుంచి వచ్చాక ఖగోళం మీద మోజుతో 15 అంగుళాల కటకం వున్న దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టాడు. నిజాంగారి అనుమతి పొంది దానికి నిజామియా వేధశాల అని పేరుపెట్టుకున్నాడు. 1907లో ఆయన పోయారు. మరుసటేడు ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకొని, తరువాత బేగంపేటకు మార్చింది. 1919లో అది, అంతకు ముందటేడే పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దఖలు పడింది.

ఆ రోజుల్లో ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి పటం గీయాలని 1887లో పారిస్‌లో ఒక పెద్ద సంకల్పం జరిగింది. ఒక్కరివల్ల అయ్యే పని కాదు గనుక, వంటకు కూరగాయలు పంచినట్టు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా దేశదేశాల వేధశాలలకు పంచారు. మన హైదరాబాదుకు మొదట దక్షిణాకాశంలో ఒక పట్టీ, తరువాత ఉత్తరాకాశంలో మరొకటి వచ్చాయి. గాజుపలకల మీద ఫోటోలు తీసి, ఒక్కొక్క చుక్క ఎక్కడుందో కొలిచి, పుస్తకాలకు ఎక్కించారు. అలా లక్షల చుక్కలు! పనిలో పని ఒక మాట చెప్పాలి. ఇదే పనిలో రోమునగరపు వాటికన్ వేధశాలవారి వంతును కొలిచినవాళ్ళు నలుగురు క్రైస్తవ సన్యాసినులు. ఒకరు సూక్ష్మదర్శినిలో చూసి అంకెలు చదవడం, ఇంకొకరు రాసుకోవడం. అలా ఏళ్ళ తరబడి కూర్చుని సుమారు 4,81,000 నక్షత్రాల లెక్క తేల్చారు. వాళ్ళ పేర్లు చాలాకాలం ఎవరికీ తెలియవు, 2016లోగానీ బయటికి రాలేదు. ఎమీలియా, రెజీనా, కాన్చెట్టా, లూయిజా. బియ్యంలో రాళ్ళేరినంత ఓపిక కావలసిన పని, ఆడవాళ్ళకు అప్పగించడంలో వింతేమీ లేదనుకోండి. పేరు చెప్పటానికే నూరేళ్ళు పట్టింది.

బేగంపేట వేధశాలలో సహాయకుడుగా పనిచేసిన ఒకాయన కొడుకు, తండ్రి వెంట వెళ్ళి ఆ దూరదర్శినుల మధ్యనే పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. ఆయనే వైను బాపు. 1949లో అమెరికాలో చదువుకుంటూ కొత్త తోకచుక్కను కనిపెట్టి, తరువాత తమిళనాడులో కావలూరు వేధశాలను నిలబెట్టిన మహానుభావుడు. పిల్లల్ని ఒకసారి దూరదర్శిని దగ్గరికి తీసుకువెళ్ళండి అని నేను పోరుపెట్టేది ఇందుకే.

ఇక బేగంపేట ఏమైంది? వేధశాలకు కావలసింది చీకటి. వూరు పెరిగింది, వీధి దీపాలు వచ్చాయి, ఆకాశం తెల్లబడింది. విశ్వవిద్యాలయంవారు చీకటిని వెతుక్కుంటూ వూరికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరాన జాపాల, రంగాపురం గ్రామాల దగ్గరకు వెళ్ళి, 1968లో 48 అంగుళాల అద్దమున్న పెద్ద దూరదర్శినిని పెట్టారు. బేగంపేటలోని పాత ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ వుంది. వేధశాల పేరు చిరునామాలో మిగిలింది.

మచ్చలేని చీకటిలో, కొండల్లేని మైదానంలో మామూలు కంటికి ఒకేసారి రెండువేలకు పైగా చుక్కలు కనబడతాయి. మన నగరాల్లో డాబామీద నిలబడి లెక్కపెట్టండి, యాభై దాటితే గొప్ప. పాలపుంత అనే మాట పిల్లలు పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకుంటున్నారు. అది నిజంగానే పాలు ఒలికినట్టు ఆకాశానికి అడ్డంగా పరుచుకుని వుంటుందని చూసిన పిల్లలు ఎందరు? వాళ్ళు దాన్ని మొదటిసారి చూసేది నక్షత్రశాల కప్పుమీదే. అదే సినిమా బొమ్మేమో అనుకుంటున్నారు కూడా.

రంగాపురం పేరు దేశమంతా మోగిన రోజు 1980 ఫిబ్రవరి 16. మాఘ అమావాస్య, శనివారం. కర్ణాటక తీరం నుంచి ఒరిస్సా తీరం దాకా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ దారి సరిగ్గా రంగాపురం మీదుగా, నల్గొండ మీదుగా పోయింది. దేశవిదేశాల శాస్త్రజ్ఞులు యంత్రాలు మోసుకొని ఆ పల్లెకు వచ్చారు. రెండు నిమిషాల పైచిలుకు కనబడే ఆ దృశ్యం కోసం నెలల ముందునుంచి ఏర్పాట్లు.

వాళ్ళు అక్కడ ఆకాశంకేసి చూస్తున్న సమయంలో, నల్గొండ దగ్గర మా వూళ్ళో మా అమ్మ తలుపులు మూసిన గదిలో వెల్లకిలా పడుకొని వుంది. అప్పుడు నేను అమ్మ కడుపులో వున్నాను. కిటికీలకు దుప్పట్లు కట్టారు. "కదలకుండ పండుకో బిడ్డా, చెయ్యి కూడ ముడవకు" అని మా నానమ్మ గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది. బయట పక్షులు గూళ్ళకు చేరాయట, కోళ్ళు గంపలకిందికి పోయాయట, పట్టపగలు చుక్కలు పొడిచాయట. ఇవన్నీ అమ్మ తరువాత విన్నవే. తన ఇంటి కప్పు మీదుగా, ఒక తరంలో ఒకసారైనా దొరకని వింత జరిగిపోతుంటే అమ్మ దూలాలు లెక్కపెట్టుకుంటూ వుంది. నేను అవయవలోపం లేకుండా పుట్టినందుకు నానమ్మ ఆ కాపలాకే పుణ్యం కట్టింది. నిజానికి గ్రహణం నీడకు కడుపులో బిడ్డను తాకే శక్తి ఏమీ లేదు. మబ్బు అడ్డొచ్చినా నీడే, చంద్రుడు అడ్డొచ్చినా నీడే. భయపడవలసింది ఒక్క కంటికోసమే, అదీ ఆడా మగా అందరికీ సమానమే. నానమ్మది ప్రేమే, కాదనను. కానీ చుక్కలు చూసి రాత్రివేళలు చెప్పగలిగిన ఆవిడకు, చంద్రుడే సూర్యుడికి అడ్డం వస్తాడని ఒక్కసారి ఎవరైనా బంతీ నారింజపండూ పెట్టి చూపించివుంటే, ఆవిడే మంచం బయట వేయించేదేమో.

సరే, వేధశాలవారో కాలేజీవారో ఎప్పుడైనా ప్రజలకోసం దూరదర్శినులు పెడితే తప్పక వెళ్ళండి. గ్రహణాలకూ, గురుడు, శని బాగా కనబడే రోజులకూ ఇలాంటివి పెడుతుంటారు. వెళ్ళేముందు ఒక్క సంగతి తెలుసుకోండి. పుస్తకాల్లో చూసే రంగురంగుల బొమ్మలు కెమెరా గంటలకొద్దీ వెలుగు పోగుచేసి తీసినవి. మన కన్ను అలా పోగుచెయ్యలేదు. అందువల్ల దూరదర్శినిలో దూరపు నక్షత్ర సమూహాలు పాలమీగడ మరకలా కనబడి నిరాశపరుస్తాయి. చంద్రుడు మాత్రం ఎన్నడూ నిరాశపరచడు. అదీ పున్నమినాడు కాదు, శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో. అప్పుడు వెలుగూ నీడా కలిసేచోట గుంటలూ కొండలూ చెక్కినట్టు తేలతాయి. శని వలయం చూసినవాళ్ళు "బొమ్మ అతికించారా?" అని అడగకుండా వుండరు. మీ వంతు వచ్చినప్పుడు గొట్టాన్ని పట్టుకోకండి, చెయ్యి తగిలితే చుక్క జారిపోతుంది. మసకగా వున్నదాన్ని సూటిగా కాక కాస్త పక్కకు చూస్తే స్పష్టపడుతుంది. కంటి అంచులకు చీకటిలో చూపు ఎక్కువ. పక్కచూపులు చూడకూడదని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారుగానీ, ఇక్కడ అవే పనికొస్తాయి.

దూరదర్శిని లేకపోయినా డాబా వుంది గదా. అమావాస్యకు అటూయిటూ ఒక రాత్రి ఎంచుకొని, చాప వేసుకొని, ఫోన్లు కిందే వదిలి, ఇరవై నిమిషాలు చీకటిలో కబుర్లు చెప్పుకోండి. కన్ను చీకటికి అలవాటు పడటానికి అంత వ్యవధి కావాలి. టార్చి అవసరమైతే దానికి ఎర్ర కాగితం చుట్టండి. మినుకుమినుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం.

అరుంధతి విషయానికొస్తే, ముందు సప్తర్షి మండలం పట్టుకోవాలి. నాలుగు చుక్కలు మంచంకోళ్ళలా, మూడు చుక్కలు తోకలా వుంటాయి. మా నానమ్మ లెక్కలో అది ముసలమ్మ మంచం, ఆ మూడూ దాన్ని ఎత్తుకుపోయే దొంగలు. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. ఆయన పక్కనే, నిండుచంద్రుడి వెడల్పులో సగం కన్నా తక్కువ ఎడంలో, చిన్నగా మెరిసేది అరుంధతి. చూపు బాగున్నవాళ్ళకు అద్దాలు లేకుండానే విడిగా తెలుస్తుంది. దూరదర్శినిలో చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు. ఆ వెలుగు మన కంటికి చేరటానికి ఎనభై ఏళ్ళ పైన పడుతుంది, అంటే ఇవాళ మనం చూసేది స్వాతంత్ర్యం రాకముందు బయలుదేరిన వెలుగు.

ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. జూన్ నడుమ రాత్రి ఎనిమిదింటికి అరుంధతి ఉత్తరాన తన పూర్తి ఎత్తులో వుంటుంది, మే నడుమ అయితే రాత్రి పదింటికి. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదింటికి అప్పుడే ఈశాన్యాన పొడుస్తూ వుంటుంది, పది దాటాక చూడాలి. ఆగస్టులో సాయంత్రాలు వాయవ్యానికి దిగుతుంది. నవంబరు సాయంత్రాల్లో వెతికి లాభం లేదు, అది పొడిచేది అర్ధరాత్రి దాటి రెండున్నర ప్రాంతాన. కార్తీకంలో తెల్లవారుజాము ముహూర్తమైతే మటుకు ధీమాగా చూపించవచ్చు, ఈశాన్యం వైపు ఇళ్ళు అడ్డం లేకుంటే చాలు. తోక వంపునే పొడిగించుకుంటూ పోతే బంగారు రంగులో స్వాతి, ఇంకా పోతే తెల్లటి చిత్త తగులుతాయి. మే, జూన్ రాత్రుల్లో పిల్లలకు ఆ మూడూ ఒక్క సాయంత్రంలో నేర్పవచ్చు.

సూర్యగ్రహణాల మాట వచ్చింది గనుక, 2027 ఆగస్టు 2 సోమవారం సాయంత్రం మనకు పాక్షిక గ్రహణం కనబడుతుంది, ఆషాఢపు మబ్బులు దయతలిస్తే. సంపూర్ణంగా చూడాలంటే మనదేశంలో 2034 మార్చి 20న కశ్మీరు వైపు వెళ్ళాలి. పాక్షికమైనా సూర్యుణ్ణి సూటిగా చూడొద్దు. నల్ల కళ్ళద్దాలు, ఎక్సరే ఫిల్ము, పళ్ళెంలో పసుపునీళ్ళు ఏవీ కంటికి రక్ష కావు. దీనికోసమే తయారుచేసిన గ్రహణపు అద్దాలు వుంటే వాడండి. లేదా వంటింట్లోంచి చిల్లుల గరిటె తెచ్చుకోండి. సూర్యుడికి వీపు తిప్పి నిలబడి, గరిటె నీడ తెల్లగోడమీద పడేలా పట్టుకోండి. ఒక్కొక్క చిల్లులోంచి ఒక్కొక్క సూర్యుడు, అంచు కొరికిన అరిసెలా గోడమీద కనబడతాడు. వేపచెట్టు వున్నవాళ్ళకు గరిటె కూడా అక్కర్లేదు, ఆకుల సందుల్లోంచి చెట్టుకింద నేలంతా అవే పడతాయి. మా అమ్మకు ఈసారి వాకిట్లో కుర్చీ వేస్తామని ముందే చెప్పి వుంచాను.